నా పక్కన లేచి నిలబడినవారు

సహోదరులారా, సహోదరీలారా, నేను నొప్పితో మూలుగుతున్నవాళ్ళ మందును దొంగిలించినదాన్ని. ఈ సంఘంలో మీరంతా నన్ను సలోమి సిస్టరుగారూ అని పిలుస్తూ, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు నాకే కబురు చేస్తూ, మీ పిల్లలకు సూదులు నా చేతే వేయించుకున్నారు, కాబట్టి ఈ చేతులు ఒకప్పుడు ఏం చేశాయో మీకు చెప్పకుండా పోవడం న్యాయం కాదని ప్రభువు చాలాకాలంగా నన్ను పోరుతూనే ఉన్నాడు. పాస్టరుగారు నాకు పది నిమిషాలిచ్చారు. ఆయన గంటకు తక్కువ మాట్లాడిన ఆదివారం నేనైతే ఎరగను, కనుక నాకూ కాస్త ఎక్కువైతే ఓర్చుకోండి.

గల్ఫ్ యుద్ధం నాటికి నేను సౌదీలో, కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీ పట్నానికి దక్షిణంగా ఉన్న ఒక ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. అక్కడ చర్చి ఉండదు. శుక్రవారం సెలవు గనుక హాస్టల్లో మా గదిలో తొమ్మిదిమందిమి చేరి, కిటికీలు మూసుకుని, పాటలు కూడా గొంతు పైకి రాకుండా పాడుకునేవాళ్ళం. సంఘ పెద్ద కూతుర్ని కదా, ప్రార్థన నడిపించేది నేనే, బాగా నడిపిస్తానని నాకు గర్వం కూడా ఉండేది.

అప్పుడు యుద్ధం వచ్చింది. ఖఫ్జీ నుంచి జనం కార్లలో పిల్లాజెల్లాతో మా ఊరికి వచ్చిపడ్డారు, వార్డుల్లో మంచాలు చాలక నడవాల్లో పరుపులు వేశాం, సైరన్ మోగిందంటే ముఖాలకు గ్యాస్ మాస్కులు తగిలించుకుని, కిటికీ సందులకు టేపులు అంటించి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి కూర్చునేవాళ్ళం, మళ్ళీ లేచి డ్యూటీకి పోయేవాళ్ళం. ఆ రోజుల్లోనే నాకు కిడ్నీలో రాయి నొప్పి వస్తే డాక్టరుగారు పెథిడిన్ అనే మత్తు ఇంజక్షన్ చేయించారు. నొప్పి పోయింది. నొప్పితోపాటు నా భయం కూడా పోయింది, సహోదరులారా, అదే నా కొంప ముంచింది.

రాయి కరిగిపోయింది గాని భయం మిగిలింది. మందుల అల్మరా తాళాలు నా నడుముకే వేలాడుతుండేవి. రోగికి రాసిన మందులో సగం రోగికీ సగం నాకూ అన్నట్టు మొదలుపెట్టాను, కొన్నాళ్ళకు రోగికి ఉత్త నీళ్ళు ఎక్కించి మందంతా నేనే తీసుకునేదాకా వచ్చాను. రెండు కాళ్ళూ విరిగిన ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని అరబ్బీలో 'వజా, వజా' అని, నొప్పి తగ్గలేదమ్మా అని ఏడ్చేవాడు, నేను ఆయన తల నిమిరి ఓర్చుకోమని చెప్పి వచ్చేసేదాన్ని. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇక్కడ రోడా గురించి చెప్పాలి. రోడా కెన్యా దేశపు నర్సు, నా గదిలోనే ఉండేది. ఊరికి దూరంగా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక మిషన్ బడిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆ బడి కబుర్లు మొదలుపెడితే ఆపేది కాదు. గంటకు బదులు రైలు పట్టా ముక్క ఒకటి చెట్టుకు కట్టి కొట్టేవాళ్ళట, వాగు నుంచి నీళ్ళు తలమీద మోసుకొచ్చేవాళ్ళట, ప్రార్థన చేసుకునే గదికి రేకుల కప్పు కావడం వల్ల వాన పడితే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదట.

ఆ పిల్లల్లో ఒక అలవాటు ఉండేదట. శనివారం పొద్దున బట్టలుతుక్కుని ప్రార్థనకు కూర్చున్నప్పుడు, ఆ వారంలో తప్పు చేసిన పిల్ల ఎవరైనా ఒప్పుకోవాలనుకుంటే లేచి నిలబడాలి. అప్పుడు పక్కన కూర్చున్న పిల్ల కూడా లేచి నిలబడుతుంది. ఏం చేశావని అడగదు, బుద్ధులు చెప్పదు, ఊరికే పక్కన నిలబడుతుంది, ఆ తర్వాత పడే శిక్షలో సగం తానూ మోస్తుంది. టీచర్లు పెట్టిన నియమం కాదట అది, ఎప్పుడో పిల్లలే మొదలుపెట్టుకున్నారట. రోడా పన్నెండేళ్ళప్పుడు వంటింట్లో చక్కెర దొంగిలించి, ఆ నింద వేరొక పిల్ల మీద పడితే, మూడు శనివారాలు లేవలేక కూర్చుని నాలుగో శనివారం లేచిందట, అప్పటికి తనతో మాటలు లేని పిల్ల పక్కన లేచి నిలబడి, వారం రోజులు తనతోపాటు నీళ్ళు మోసిందట. ప్రభువు ఎలాంటివాడో నాకు ఆ నీళ్ళ బిందెల దగ్గర తెలిసింది అనేది రోడా. మా బడిలోనైతే గోడకుర్చీ వేయించేవాళ్ళమ్మా అని నేను నవ్వి, పక్కకు తిరిగి పడుకునేదాన్ని.

యుద్ధం ముగిసి రెండు నెలలైంది. మందుల తనిఖీ జరిగి పెథిడిన్ తగ్గిందని తేలింది. ఒక గురువారం నాడు, ఊడ్చే మనిషి మల్లయ్య చెత్తబండిలో ఖాళీ సీసాలు కాగితంలో చుట్టి దొరికాయి. అక్కడ పడేసింది నేనే. మల్లయ్యది కరీంనగర్ వైపు పల్లె, నలభై దాటిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు, సీసా మీద ఏముందో కూడా తెలియదు. అతన్ని సెక్యూరిటీ గదిలో పెట్టి తాళం వేశారు, శనివారం పొద్దున పోలీసులకు అప్పగిస్తామన్నారు. ఆ దేశంలో మందుల దొంగతనమంటే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. నేను ఆ గది ముందునుంచి పోతుంటే కిటికీ లోంచి నన్ను చూశాడు.

"సిస్టరమ్మా, మీరన్న జెప్పున్రి, నేనసొంటోన్ని గానని. ఈడ మన బాస మాట్లాడేటోల్లు మీరొక్కరే ఉన్నరు" అన్నాడు.

నేను తల దించుకుని వెళ్ళిపోయాను.

మర్నాడు శుక్రవారం మా కూడికలో మల్లయ్య కోసం ప్రార్థన చేద్దామన్నారు, ఎప్పటిలాగే నన్నే నడిపించమన్నారు, నేను నడిపించాను, సహోదరులారా. "ప్రభువా, ఆ నిర్దోషిని విడిపించు, నిజంగా చేసినవాళ్ళను..." అనేసరికి అక్కడే ఆగిపోయాను. కళ్ళు తెరిస్తే అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, రోడా ఒక్కతే నన్ను చూస్తోంది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. నా బదులు తానే ఆమెన్ అని ప్రార్థన ముగించింది.

శనివారం పొద్దున మా పైఅధికారి మేట్రనమ్మ గదిలో నర్సులందరమూ కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె ఈజిప్టు దేశస్తురాలు, కటువైన మనిషి. పోలీసులను పిలవబోతున్నాను, ఎవరికైనా ఏమైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి అంది. చెబితే నేను జైలుకు పోవాలి, చెప్పకపోతే మల్లయ్య పోవాలి. నా కాళ్ళు ఎలా లేచాయో నాకు తెలియదు. లేచాను గాని అందరూ నన్నే చూస్తుంటే మళ్ళీ కూర్చుందామనే అనుకున్నాను. అప్పుడు నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. రోడా లేచి నిలబడింది. నా వైపు చూడలేదు, నా చెయ్యి పట్టుకోలేదు, చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు చెప్పాను. ముసలాయన సంగతితో సహా మొత్తం చెప్పాను.

"నువ్వు కూడానా?" అని మేట్రనమ్మ రోడాను అడిగింది.

"లేదు మేడమ్, నేను ఊరికే నిలబడ్డాను" అంది రోడా.

మల్లయ్యను ఆ మధ్యాహ్నమే వదిలేశారు. వెళ్ళి అతని కాళ్ళు పట్టుకున్నాను. "లెవ్వున్రి సిస్టరమ్మా" అని మాత్రమే అన్నాడు, క్షమించానని అనలేదు, అనాలని నేనూ అడగలేదు. మేట్రనమ్మ ఏం మాట్లాడిందో, ఎవరిని బతిమాలిందో తెలియదు గాని నన్ను పోలీసులకు ఇవ్వకుండా హాస్టల్ గదిలో ఉంచి, దేశం విడిచి పంపే ఎగ్జిట్ కాగితాలు తయారు చేయించింది. ఆ కటువైన మనిషిలో అంత దయ పెట్టినవాడు దేవుడు కాక మరెవరు?

ఆ గదిలో మందు లేకుండా ఎన్ని రోజులు నరకం చూశానో లెక్కపెట్టలేదు. వణుకు, వాంతులు, ఒళ్ళంతా నలిపేస్తున్నట్టు నొప్పి. ముసలాయన పడింది ఇదేనని అప్పుడు తెలిసింది. "ప్రభువా, నన్ను చంపెయ్యి" అని ప్రార్థించాను, రోడా నా తల ఒళ్ళో పెట్టుకుని, "ప్రభువా, ఈమె మాట వినొద్దు" అని ప్రార్థించేది.

ఆ రోజుల్లోనే రోడాకు బడి నుంచి ఉత్తరం వచ్చింది. యుద్ధం వేళ, నేనింకా దొంగతనం చేస్తున్నప్పుడే, నా పక్క మంచం మీది అక్క ఏదో కష్టంలో ఉంది, ఏమిటో నాకు తెలియదు అని ఆమె ఆ బడి పిల్లలకు రాసిందట. వాళ్ళ జవాబు నాకు చదివి వినిపించింది. "అక్కా, నీ పేరు మాకు తెలియదు. శనివారం నీ కోసం అందరమూ లేచి నిలబడ్డాం. పెద్ద వాన, ప్రార్థన ఏమీ వినిపించలేదు. అందుకని వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డాం." కింద పిల్లల పేర్లు వరసగా ఉన్నాయి, కొన్ని అక్షరాలు వంకరటింకర. నేను ఎన్నడూ చూడని పిల్లలు, నా ముఖం వాళ్ళూ చూసింది లేదు, నా కోసం వాళ్ళ కాళ్ళు నొప్పి పెట్టేదాకా నిలబడ్డారు. ఆ రోజు నేను ఏడ్చినంత ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. మందు మీద కోరిక ఆ రోజే పోయిందని చెబితే అబద్ధమవుతుంది. చావాలన్న కోరిక మాత్రం ఆ రోజే పోయింది, మిగతాది ప్రభువు మెల్లమెల్లగా తీసేశాడు. దేవునికే మహిమ.

రోడా పాస్‌పోర్టు మీద కూడా ఎగ్జిట్ ముద్ర పడింది. నాతోపాటు లేచింది కదా, ఆమెనూ నమ్మలేమన్నారు. నా వల్ల నీ ఉద్యోగం పోయిందని నేను గోల పెడితే, సగం బిందెలు నావే కదా అంది, పెట్టె సర్దుకుంటూ. తిరిగి వెళ్ళి ఆ బడిలోనే పిల్లలకు కట్లు కడుతూ మందులిస్తూ ఉంది. ఏటా క్రిస్మస్‌కు ఉత్తరం రాస్తుంది.

నేను ఊరికి వచ్చి నాన్నకు అంతా చెప్పాను. తర్వాత ఉద్యోగంలో చేరిన ప్రతిచోటా నా గతం ముందే చెప్పి, మందుల తాళాలు నాకివ్వొద్దని అడిగాను. రిటైరయ్యేదాకా ఆ తాళాలు మళ్ళీ ముట్టుకోలేదు, అది నా మంచితనం కాదు, ఆయన కృప.

నా సాక్ష్యం అయిపోయింది, సహోదరులారా. ఇక్కడ కూర్చున్నవారిలో ఏ బరువుతో వచ్చినవారున్నారో నాకు తెలియదు, అది సారా అలవాటు కావచ్చు, ఇంకొకరి మీద వేసిన నింద కావచ్చు. ప్రభువును నమ్మి లేవండి. ఏం చేశారని నేను అడగను, బుద్ధులు చెప్పను, వచ్చి మీ పక్కన నిలబడతాను, పడే శిక్షలో సగం నాది. మోకాళ్ళు అరిగిపోయాయి, కూర్చుంటే మళ్ళీ లేవడానికి నాకు చాలాసేపు పడుతుంది. అందుకని పాస్టరుగారు కుర్చీ చూపిస్తున్నా నేను కూర్చోవడం లేదు. మీలో ఎవరైనా లేచేదాకా ఇక్కడే నిలబడి ఉంటాను.