మంచి గాలి లేని రోజు

ఆ ఆదివారం పొద్దున కిటికీ రెక్క దానంతటది కొట్టుకోవడం విని మేస్త్రీ మంచం మీదే నవ్వుకున్నాడు.

"వచ్చిందే!" అన్నాడు భార్యతో.

"ఎవరూ?"

"గాలి."

ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుని అటు తిరిగింది.

అందరూ అతన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. ఒకప్పుడు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. సరస్సు ఒడ్డున తెరచాప పడవల క్లబ్బు షెడ్డుకి తలుపు బిగించడానికి వెళ్ళి, మూలన పగిలిపోయి ఉన్న పడవని చూసి, 'చెక్కని ఇలా ఎలా వంచారబ్బా' అనుకుంటూ దాని చుట్టూ తిరిగి, భోజనానికి ఇంటికెళ్ళాలన్న సంగతే మరిచిపోయాడు. ఆ రోజు నుంచి అక్కడే ఉండిపోయాడు. ఎవరూ నేర్పలేదు. పాడైన పడవని విప్పాడు, మళ్ళీ బిగించాడు, నీళ్ళు కారితే మళ్ళీ విప్పాడు. పడవ నడపడం కూడా అలాగే, మునుగుతూ తేలుతూ నేర్చుకున్నాడు.

భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. క్లబ్బులో తెరచాప చిరిగితే కుట్టేదీ ఆవిడే. అందుకోసం ముందు గదిలో మంచాన్ని గోడకి నిలబెట్టాలి, కుర్చీలు బయట పెట్టాలి, మిషన్ని గుమ్మంలోకి లాగాలి. అప్పటికీ తెరచాప సగం వంటింట్లోనే ఉంటుంది. ఇన్నేళ్ళుగా కుడుతోంది గానీ పడవ మాత్రం ఎక్కదు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ఎక్కింది. "అదే మొదలు, అదే ఆఖరు," అంటుంది ఎవరడిగినా.

ఆ ఆదివారం కొత్తవాళ్ళని పిలిచి ఊరికే పడవ ఎక్కించే రోజు. క్లబ్బులో మిగిలినవాళ్ళంతా మోకాళ్ళు పట్టుకుని లేచే వయసుకి వచ్చేశారు. సగం పడవలు టార్పాలిన్ పట్టాలు కప్పుకుని పడున్నాయి. షెడ్డేమో రేవు ఆఫీసుది. ఈ సీజను ముగిసేలోగా కుర్రకారూ పిల్లలున్న కుటుంబాలూ చేరకపోతే దాన్ని సోఫాల గోడౌనుకి ఇచ్చేస్తామని ఆఫీసరు చెప్పేశాడు. అదే జరిగితే మేస్త్రీ మళ్ళీ తలుపుల పనికి పోవాలి. పోతాడు, పనికేం సిగ్గు? కానీ అడుగు పలకలు సగం మార్చిన పడవ ఒకటి షెడ్డులో బల్లల మీద బోర్లా ఉంది. దాన్ని ఎక్కడికి మోసుకుపోతాడు? అతనికి నిద్ర పట్టనిది దాని గురించే.

ఇలా పిలిచే రోజుకి క్లబ్బు పద్ధతి ఒక్కటే. సీజను మొత్తంలోకీ మంచి గాలి వచ్చే రోజు చూడాలి. సెక్రటరీ గారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. వాతావరణ సూచనలు పక్కపక్కన పెట్టుకుని, పుట్టిన పిల్లకి పేరు వెతికినంత శ్రద్ధగా ఆ రోజును వెతుకుతారు.

మేస్త్రీ తమ్ముడి కూతురు ఫోన్ల షాపులో పనిచేస్తుంది. పెదనాన్న మాట తీసెయ్యలేక మొగుణ్ణీ చిన్నదాన్నీ వెంటబెట్టుకుని వచ్చింది.

"పెదనాన్నా, ఇది తిరగబడదు కదా?"

"ఒరుగుతుందమ్మా. ఒరిగితేనే దాని అందం!"

పడవ ఒరిగింది. అంచు మీదుగా చల్లటి నీళ్ళు వచ్చి ఒళ్ళో పడ్డాయి. చిన్నది కెవ్వుమంది. అల్లుడు తెరచాప స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది అల్లుడూ?" అనడిగాడు ఒడ్డుకి చేరాక.

"బ్రహ్మాండం మావయ్యగారూ," అని అల్లుడు షెడ్డు వెనక్కి పరిగెత్తాడు, కడుపులోది కక్కుకోవడానికి.

మిగతా పడవల్లోంచీ జనం నీళ్ళోడుతూ దిగారు. నవ్వుతూ దండం పెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. చేరతామన్నవాడు ఒక్కడు లేడు.

"ఈకాలం వాళ్ళకి ఓపిక లేదోయ్," అన్నారు సెక్రటరీ గారు. మేస్త్రీ కూడా నిజమేనన్నట్టు తలూపాడు.

సాయంత్రం తమ్ముడి కూతురు పొద్దున తుడుచుకోవడానికిచ్చిన తువ్వాలు తిరిగి ఇవ్వడానికి ఇంటికొచ్చింది. పెద్దమ్మ మిషన్ దగ్గరుంది. మేస్త్రీ గుమ్మం పక్కన కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు.

"పెద్దమ్మా, నీకూ ఇలాగే అయిందా?"

"నన్ను తీసుకెళ్ళిన రోజు గాలి ఇంకా మంచిదటమ్మా."

"అవునవును," అన్నాడు మేస్త్రీ గర్వంగా. "అలాంటి గాలి మళ్ళీ రాలేదు!"

ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి అతనికేసి చూశారు. ఆ చూపుకి అతని చేతిలో ఉలి ఆగిపోయింది.

"నేను జాకెట్టు ముక్క కత్తిరించాలంటే ముందు తొడుక్కునే మనిషి కొలతలు తీసుకుంటాను," అంది భార్య, మిషన్ ఆపకుండానే. "మీ క్లబ్బువాళ్ళంతా గాలి కొలుస్తారు, నీళ్ళు కొలుస్తారు. ఎక్కేవాళ్ళ కొలతలు ఎప్పుడైనా తీశారా? నీకు మంచి గాలంటే నీకు సరిపోయే గాలి. ఈ పిల్లకి అది వదులు చొక్కా."

"చొక్కా కాదు పెద్దమ్మా, డేరా," అంది పిల్ల.

మేస్త్రీ ఉలి పక్కన పెట్టాడు. లేచి, వాళ్ళ మధ్య నేల మీద పరిచి ఉన్న పాత తెరచాప చుట్టూ తిరిగాడు. వంగి ఒక చోట మడతపెట్టి చూశాడు.

"ఇక్కడికి కోసేస్తే అంచు నిలుస్తుందా?"

భార్య మిషన్ ఆపింది. "నిలిచేలా కుడితే నిలుస్తుంది."

మర్నాడు క్లబ్బులో అతను చెప్పింది విని సెక్రటరీ గారు తెల్లబోయారు. "గాలి తక్కువున్న రోజు చూసి, తెరచాప కూడా కురచ చేస్తావా? ఆ మాత్రానికి పడవలెందుకోయ్, ఒడ్డున బెంచీలు వేసి కూర్చోబెడదాం!"

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో వాళ్ళెవరైనా పడవెక్కుతారా?"

"మా ఆవిడకి నీళ్ళంటే పడదు."

"మీ ఇంట్లోనో?" అని పక్కనున్న కళ్ళజోడాయన్ని అడిగాడు.

"మావాడు ఒకసారి ఎక్కాడు. మళ్ళీ ఇటు రాలేదు."

"ఏ రోజు తీసుకొచ్చారు?"

"ఏ రోజేమిటి, మాంచి గాలి..." అని ఆయన ఆగిపోయాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడున్న ఏ ఒక్కరి ఇంట్లోనూ పడవెక్కే మనిషి లేడు. అందరూ తమవాళ్ళని ముచ్చటపడి, రోజు చూసి మరీ తీసుకొచ్చారు. ముందు సెక్రటరీ గారికే నవ్వొచ్చింది. "అంటే ముందు ఇంట్లోవాళ్ళని ముంచి, తర్వాత ఊరి మీద పడ్డామన్నమాట! సరే, కుట్టించు."

వారమంతా ముందు గదిలో మంచం నిలబెట్టే ఉంది. మొగుడూ పెళ్ళాలు వంటింట్లో మడత తెరచాపల మీదే పడుకున్నారు.

మళ్ళీ పిలిచిన రోజున ఆకు కదిలిందంటే కదిలింది, లేదంటే లేదు. మేస్త్రీ పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా ఒడ్డున తిరుగుతున్నాడు. ఒకసారి దెబ్బతిన్న జనం మళ్ళీ వస్తారా?

ముందు తమ్ముడి కూతురే వచ్చింది, మొగుణ్ణీ చిన్నదాన్నీ వెంటబెట్టుకుని. వెనకాల ఆమె షాపులో పనిచేసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ, పక్కింటి వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ.

"చొక్కా తడిస్తే కొత్త చొక్కా కొనిస్తానని చెప్పి తీసుకొచ్చాను పెదనాన్నా. నా పరువు మీ చేతుల్లో ఉంది."

ఈసారి మేస్త్రీ ఎవరికీ ఏమీ వివరించలేదు. చుక్కాని చేతికిచ్చి, "అటు తిప్పు... చూశావా? ఇటు తిప్పు..." అని ఊరుకున్నాడు. నాలుగు మెలికలు తిరిగేసరికి తమ్ముడి కూతురికి లెక్క అందింది. తర్వాతి చుట్టుకి అతను ఒడ్డునే ఉండి, ఆ ముగ్గుర్నీ లోతు లేని వైపు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళమన్నాడు.

కొంచెం దూరం వెళ్ళాక ఉన్న కాస్త గాలీ పడిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. పడవ అక్కడే ఆగిపోయింది. ఒడ్డున మేస్త్రీ తల పట్టుకున్నాడు. అయిపోయింది, విసుగొచ్చి దిగిపోతారు, మిగతా జనం చూసి అటునుంచటే వెళ్ళిపోతారు. తెడ్ల పడవలోకి దూకి, లాక్కురావడానికి గబగబా బయల్దేరాడు.

సగం దూరంలో ఉండగానే కేక వినిపించింది.

"పెదనాన్నా, రాకండి! అది నడుపుతోంది!"

చుక్కాని దగ్గర చిన్నది కూర్చుని ఉంది, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి. అల్లుడు కాళ్ళు చాపుకుని బిస్కెట్లు తింటున్నాడు. ఆగిపోయిందనుకున్న పడవ చీమ నడకన కదులుతోంది.

"లాక్కెళ్తే ఏడుస్తుంది మావయ్యగారూ! మేం మెల్లిగా వస్తాం!"

మేస్త్రీ తెడ్లు పైకెత్తి అలాగే కూర్చుండిపోయాడు. వాటి నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. నెలల తరబడి ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టనిపించింది. నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఒడ్డుకి వచ్చేసరికి షెడ్డు ముందు వరస ఉంది, పడవెక్కడానికి కొందరూ, క్లబ్బులో పేరు రాయించుకోవడానికి కొందరూ. ఆ వరసలో రేవు ఆఫీసరు కూడా ఉన్నాడు. షెడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుందో చూసి పోదామని ఇంటివాళ్ళతో వచ్చి, పిల్లల పోరు పడలేక తనూ నిలబడ్డాడు. పడవ దిగాక లైఫ్ జాకెట్ విప్పుతూ, "ఇంతమంది చేరుతుంటే ఇంకెందుకు, ఆ సోఫాలాయనకి వేరే చోటు చూస్తాను లెండి," అన్నాడు. "మావాళ్ళని మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

సెక్రటరీ గారే అందుకున్నారు. "వచ్చే ఆదివారం అండీ! గాలి లేకుండా చూస్తాం!"

షాపు కుర్రాళ్ళు మేస్త్రీ చుట్టూ మూగారు. "అంకుల్, గట్టి గాలికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

"ముందు ఈ గాలికి సరిపోండి. తర్వాత ఒక సైజు పెంచుదాం."

జనం పల్చబడ్డాక భార్య వచ్చింది, చేతిలో సూదుల డబ్బాతో. "కుట్లు ఎలా నిలిచాయో చూసి పోదామని," అంది, ఎవరూ అడక్కపోయినా. ఒడ్డు నుంచి చూస్తే కుట్లు కనపడవు. పడవలో కాలు పెట్టింది. మాట్లాడితే దిగిపోతుందేమోనని మేస్త్రీ తాడు మెల్లగా విప్పాడు.

చాలా సేపు ఆవిడ రెండు చేతులతో బల్ల పట్టుకునే ఉంది. తర్వాత ఒక చెయ్యి వదిలింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా నన్నిన్నేళ్ళు బెదరగొట్టావు?"

ఆవిడ చెయ్యెత్తి తెరచాప అంచు వెంట వేళ్ళతో తడిమింది.

"ఈ మూల లాగేస్తోంది. రేపు విప్పి కుట్టాలి."

"ఇప్పుడు ఒడ్డుకి పోనివ్వనా?"

"రేపన్నాను కదా. ముందు ఇంకో చుట్టు తిప్పు."