మగ్గాల షెడ్డులో మా అక్క

మరమగ్గాల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆఫీసు గది ఇక్కడ, నా మగ్గం అదిగో అక్కడ అని వేలు పెట్టి చూపిస్తుంది. ఎన్నిసార్లు చూపించిందో లెక్కలేదు. నేనూ మొదటిసారి చూస్తున్నట్టే తలూపుతాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల మీద నాకూ బెంగే.

చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్కకి వినికిడి పోయింది. అప్పటికే మాటలు వచ్చాయి కనుక మాట్లాడగలదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి ఏమంటున్నారో పట్టేస్తుంది కూడా. కాకపోతే తన గొంతు తనకే వినపడదు కదా, ఒకసారి గుసగుసలా వస్తే ఇంకోసారి కేకలా వచ్చేది. బడిలో పిల్లలు వెక్కిరించాక బయట నోరు విప్పడం మానేసింది. ఇంట్లో మాత్రం అందరికీ చేతులతో పేర్లు పెట్టింది. నాన్నంటే మీసం మెలితిప్పడం, అమ్మంటే కొంగు దోపుకోవడం. నా పేరు చెప్పాలంటే రెండు వేళ్ళు పిట్టముక్కులా టకటకలాడించేది. వాగుడుకాయనని దాని అర్థం. ఆ బిరుదుకి నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పినా చెల్లేది కాదు.

నాన్న పని మానేశాక ఇల్లు అన్నయ్య జీతం మీద నడిచేది. అన్నయ్య మంచివాడే. వదిన కూడా ఏనాడూ ఒక మాట అనలేదు. అయినా చెప్పు తెగితే అక్క ఎవరికీ చెప్పకుండా పిన్నీసు గుచ్చుకుని నడిచింది. మడమ గీసుకుపోయి రక్తం కారుతుంటే అమ్మ చూసి లబోదిబోమంది. కొత్తవి అడగడానికి మనసొప్పలేదట. ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటానని ఆ రోజే పట్టుబట్టింది.

కాళ్ళరిగేలా తిరిగాం. వెంట నేనెందుకంటే, వాళ్ళన్నది అక్కకి చేతులతో చెప్పడానికి, అక్క చెప్పింది వాళ్ళకి వినిపించడానికి. బైండింగు షాపులోనూ, మందుల గోడౌన్లోనూ, సబ్బుల ఫ్యాక్టరీలోనూ ఒకటే తంతు. మేం లోపలికి వెళ్ళేదాకా ఖాళీగా ఉన్న ఉద్యోగం, అక్కకి వినపడదని తెలియగానే నిండిపోయేది. "అయ్యో పాపం, మీ అక్కకి చెప్పమ్మా, కబురు చేస్తామని" అనేవాళ్ళు, నన్ను చూస్తూ. పక్కన మనిషి ఉన్నట్టే ఉండదు వాళ్ళకి. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆఖరికి మగ్గాల షెడ్డుకి వెళ్ళాం. మేనేజరు గదికి ఒకవైపు గోడంతా అద్దమే. అవతల షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే మా కింద నేల అదురుతోంది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, తర్వాత మామూలు పాటే.

"ఇది మిషన్లతో పనమ్మా. ఏదైనా ప్రమాదం జరిగి, ఆపమని మేం కేకేస్తే వినపడొద్దూ? మీ అక్కకి నువ్వే నచ్చజెప్పు."

నేను చెప్పడానికి అక్కవైపు తిరిగితే, అక్క అద్దంలోంచి షెడ్డులోకి చూస్తూ ముసిముసిగా నవ్వుతోంది.

మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. "ఎందుకట ఆ నవ్వు?"

అక్క ఆయనవైపు తిరిగింది. బయటివాళ్ళ ముందు చాలా ఏళ్ళ తర్వాత నోరు విప్పింది. "ఆ పొడుగావిడ ఇంటికి నిన్న వాళ్ళత్తగారు వచ్చిందట. రెండు పెట్టెలతో దిగిందట. ఇప్పట్లో కదిలేలా లేదట."

గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే పక్కగదిలో గుమాస్తాలు తొంగిచూశారు.

అప్పుడు చూశాను నేనూ. షెడ్డులో ఆ మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని నేతగత్తెలు పెదవులు పెద్దగా కదిపి, చేతులు తిప్పి, ఈ చివర నుంచి ఆ చివరకి కబుర్లాడుకుంటున్నారు. మా ఇంట్లో మేం మాట్లాడుకున్నట్టే!

మేనేజరు కూడా అద్దంలోంచి ఒకసారి షెడ్డులోకి చూశాడు. తర్వాత "కబుర్లు వేరు, పని వేరమ్మా" అన్నాడు, మళ్ళీ నాతోనే. నేను ఒంటికాలి మీద లేవబోయాను. అక్క నా మోచెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చేసింది.

మర్నాడు పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే వద్దంది. "నువ్వు పక్కనుంటే వాళ్ళు నీతోనే మాట్లాడతారు" అంది. నా ప్రాణం చివుక్కుమంది. కానీ ఏం చేస్తాను, ఉన్నమాటే.

ఒక్కతే వెళ్ళి గేటు దగ్గర ఆ పొడుగావిడని పట్టుకుందట. "మీ అత్తగారు వెళ్ళిందా?" అని అడిగిందట. ఆవిడ ముందు బిత్తరపోయి, సంగతి తెలిశాక పగలబడి నవ్వి, చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి తీసుకెళ్ళిందట. "నా పక్క మగ్గం ఖాళీయే కదండీ, ఈ పిల్లకివ్వండి. మోత మొదలయ్యాక మేమందరం చెవిటివాళ్ళమే. నన్నెలా పిలుస్తారో ఈమెనీ అలాగే పిలవండి" అందట. ఆయన ఒక నెల చూస్తానన్నాడు.

ఆ నెలంతా అమ్మ ప్రాణం గుప్పెట్లో పెట్టుకుంది. మొదట్లో పోగు తెగింది చూసుకోక అక్క బోలెడు గుడ్డ పాడుచేసింది. కళ్ళు వాచేలా ఏడ్చింది, పొద్దున్నే లేచి మళ్ళీ వెళ్ళింది. జడలో దూదిపింజలతో ఇంటికొచ్చి షెడ్డు కబుర్లన్నీ చేతులతో చెప్పేది. అవి ఎంత బావుండేవో! ఇంట్లో వాగుడుకాయ ఎవరో ఆ నెలలో తేలిపోయింది.

నెల ఆఖరి రోజు ఉండబట్టలేక నేనూ గేటు దగ్గరికి వెళ్ళాను. అక్క బయటికొచ్చి నా పక్కన నిలబడింది. వెనకాలే మేనేజరు వచ్చాడు. అలవాటు ప్రకారం నన్నే చూసి, "రేపట్నుంచి మీ అక్క పర్మనెంటు. చెప్పమ్మా" అన్నాడు.

సంతోషం పట్టలేక నా చేతులు పైకి లేచాయి. ఎలాగో దించుకున్నాను. "అక్క ఇక్కడే ఉందండీ. తనకే చెప్పండి" అన్నాను.

ఆయన తడబడ్డాడు. అక్కవైపు తిరిగి ఏదో గొణిగినట్టు చెప్పాడు. అక్క కనుబొమలు ముడిచి, తెలియలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఒక అడుగు ముందుకొచ్చాడు. అక్క ముఖంలోకి సూటిగా చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి మళ్ళీ చెప్పాడు. "రేపట్నుంచి, మీ ఉద్యోగం, ఖాయమండీ."

అక్క చిరునవ్వు నవ్వి తలూపింది.

వీధి మలుపు తిరిగాక, అంత పెద్ద మాట మొదటిసారే ఎలా అర్థం కాలేదని అడిగాను.

"అయింది. నాతో చెప్తుంటే ఇంకోసారి చూడాలనిపించింది" అంది, దారినపోయేవాళ్ళంతా ఆగి చూసేంత గట్టిగా.