దిగాల్సిన స్టేషన్ దాటి

నాగేశ్వరికి ఎల్బీనగర్‌లో ఎవరో ఉన్నారని దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల గల్లీ అంతా చెవులు కొరుక్కుంది. అమీర్‌పేట చీరల షాపులో పని చేసి ఇంటికి రావలసిన మనిషి, తమ స్టేషన్ దాటిపోయి ఎల్బీనగర్‌ మెట్రో మెట్లు దిగడమేమిటి? అదీ తనలో తాను నవ్వుకుంటూ. కింది వాటాలో ఉండే విజయదుర్గ ఈ మాటను నాగేశ్వరి ఆడబిడ్డ సూర్యప్రభ చెవిన వేసింది. "మీ వదిన కాబట్టి చెబుతున్నానమ్మా. మీ అన్నయ్య దాకా పోకముందే నువ్వు చూసుకో."

సూర్యప్రభకు ఆ పూట అన్నం సయించలేదు. అన్న మహిపాల్‌ది బాటసింగారం పండ్ల మార్కెట్‌లో హమాలీ పని. ముందు మండిపడి, తర్వాత ఆలోచించే మనిషి. ఇంటర్ మధ్యలో ఆగిపోయిన తనను, ఎవరేమన్నా, ఇంట్లో పెట్టుకుని చూసుకున్నది వదినే. ఆ సంసారం చెదిరితే తానెక్కడికి పోవాలి?

మనుషులు సంతోషాన్ని ఎంతసేపు పట్టుకుని ఉంటారో ఒక కాలేజీ మేడమ్ కొలుస్తోంది. అందుకోసం ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నల ఫారాలు నింపించడం సూర్యప్రభ పని. మర్నాడు సాయంత్రం ఫారాల సంచీతోనే అమీర్‌పేట వెళ్లి, షాపు ఎదుట కాపు కాసి, వదిన ఎక్కిన బోగీలోనే మరో తలుపు దగ్గర ఎక్కింది.

బోగీ కిక్కిరిసి ఉంది. నాగేశ్వరి కడ్డీ పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. సగం బోగీ ఖాళీ అయింది. ఆమె దిగలేదు.

నాగేశ్వరి ఖాళీ అయిన సీట్లో కూలబడి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుంది. మొహంలో నవ్వు మెల్లగా పరుచుకుంది. ఎల్బీనగర్‌లో దిగాక ఎవరి కోసమూ చూడలేదు. నేరుగా బస్టాపుకు నడిచింది. అక్కడ వెనక్కి తిరిగితే ఆడబిడ్డ.

"నా ఎనక పడ్డవా ఏందే?"

సూర్యప్రభ సంచీలో చెయ్యి పెట్టింది. చేతికి దొరికిన ఫారం తీసింది. "ఒక్క ప్రశ్న వదినా. మనసుకు హాయి అనిపిస్తే దాన్ని ఎంతసేపు పట్టుకుంటవు?"

తలకిందులుగా పట్టుకున్న ఆ ఫారం చూడగానే నాగేశ్వరికి సంగతంతా అర్థమైంది. కోపం రాబోయి నవ్వొచ్చింది.

"మూడు స్టేషన్లు అని రాస్కో. సీటు ఖాళీ అయ్యేదే మన దగ్గర. కూసున్నంక లేవబుద్ధి అయితదా?"

ఫారంలో అలాంటి గడి లేదు. సూర్యప్రభ కళ్లు తుడుచుకుని అంచున రాసుకుంది. బస్సులో ఇద్దరూ నిలబడే ఇంటికొచ్చారు. ఆ రాత్రి సూర్యప్రభ ఆకలేస్తోందని రెండుసార్లు వడ్డించుకుంది.

పొద్దున విజయదుర్గకు ఆమె చెప్పింది ఒక్కటే. ఆ షాపులో కొనేవాళ్లకు పరుపులున్నాయి, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు కుర్చీలున్నాయి. అమ్మే ఆడవాళ్లకు తొమ్మిది గంటల పాటు కూర్చోవడానికి ఒక్క స్టూలు కూడా లేదు.