లిఫ్టు కింద పడక

పగలంతా ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకోవాలన్నది ఆ మెకానిక్కుకున్న ఒకే ఒక్క కోరిక. యాభై నాలుగేళ్లొచ్చినా అది తీరే యోగం కనబడలేదు. కారణం అక్క.

ముప్ఫయ్యేళ్లు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైన ఆవిడ ఓ కెమెరా కొనుక్కుంది. ఆవిడకు పాడుబడిన భవనాలే కావాలి, అదీ సాయంత్రపు ఎండలోనే. కంటి ఆపరేషనయ్యాక డాక్టరు బండి నడపొద్దన్నాడు కనక వారానికి మూడు రోజులు తమ్ముడి స్కూటరెక్కేది. అతను స్టాండు మోయాలి, బూజు దులపాలి, ఎండ కిటికీ దాకా వచ్చేవరకూ దోమలు కొట్టుకుంటూ నిలబడాలి. తీరా వచ్చాక ఒక్క ఫోటో.

"ఊపిరి బిగబట్టు," అనేది మీట నొక్కేముందు.

"నేను ఫోటోలో లేనుగా అక్కా?"

"అలవాటురా."

ఆ వేసవిలో ఆవిడ కన్ను పదకొండేళ్లుగా మూతబడి ఉన్న ఓ అయిదంతస్తుల ఆఫీసు మీద పడింది. కాపలావాడు అడ్డు చెప్పలేదు. మెట్లకు పక్క కటకటాలు లేవు, తిరిగి పోదామని తమ్ముడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అక్క అప్పటికే రెండో అంతస్తులో ఉంది.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు సగం తెరుచుకుని ఉంది. ఆవిడ ఆ సందులోకి వంగి, కింద మూడో అంతస్తు దగ్గర ఆగిపోయిన లిఫ్టునూ, దాన్ని మోస్తున్న నాలుగు ఇనప తాళ్లనూ ఫోటో తీస్తోంది. అతను జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు.

"పడితే ఎముకలు ఏరుకోవాలి. నీకేమైనా మతి పోయిందా?"

అక్క వినలేదు. కెమెరా తెరమీద ఫోటోను పెద్దది చేసి చూస్తోంది. "ఇదిగో, ఇక్కడ విరిగింది," అంది, ఎముక గురించి చెప్పినట్టే. అతను కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. రెండు తాళ్లలో తీగలు తెగి చీపురుపుల్లల్లా విచ్చుకున్నాయి.

ఆ మాట కాపలావాడి చెవిన వేద్దామని కిందికి దిగితే, అతను సరిగ్గా ఆ లిఫ్టు కిందున్న గుంటలోనే చాప పరుచుకుంటున్నాడు. పక్కన పొయ్యి, దండెం మీద రెండు చొక్కాలు. మెకానిక్కు అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

"ఇక్కడ పడుకుంటావా నువ్వు? నీ నెత్తిమీద ఏముందో తెలుసా?"

"లిఫ్టు సార్. మిగతా గదులన్నీ కురుస్తాయి, ఇక్కడొక్కటే చుక్క పడదు."

"తాళ్లు తెగిపోతున్నాయయ్యా."

"ఇన్నేళ్లుగా పడలేదు కద సార్," అన్నాడు కాపలావాడు, చీమ కుట్టినట్టయినా లేకుండా.

మర్నాడు మెకానిక్కు పని ఎగ్గొట్టి, ఆ ఫోటో పట్టుకుని భవనం యజమాని ఆఫీసుకు వెళ్లాడు. గంటన్నర కూర్చోబెట్టాక మేనేజరు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాలా బాగుందండీ. ఎవరు తీశారు?" అన్నాడు. తెగిన తాళ్ల గురించి మూడుసార్లు చెబితే, కాగితం మీద రాసివ్వమన్నాడు. రాసిచ్చాడు. పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఆ పది రోజులూ మెకానిక్కుకు ముద్ద దిగలేదు, పెళ్లాం మీదా అక్క మీదా కస్సుమంటూనే ఉన్నాడు.

చివరికి తన ఈడు మెకానిక్కునొకణ్ని బతిమాలి, రెండు ఆదివారాలు ధారపోశాడు. జాగ్రత్తకు గొలుసులు బిగించి, పైగదిలోని మోటారు చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును జానెడు జానెడు కిందికి దించి, గుంటలో వేసిన ఇనప దూలాల మీద కూర్చోబెట్టారు. లిఫ్టుకు ఎదురు తూకంగా ఉండి అటు పైకి చేరిన బరువు దిమ్మలను పైగది దూలానికి కట్టేశారు. అక్క కింద కుర్చీలో కూర్చుని, ఎండ తగ్గకముందే కానివ్వమని ఒకటే కేకలు.

"ఇక ఆ మూల గదిలో పడుకో, పైన రేకు నేనే వేయిస్తా," అని కాపలావాడికి చెప్పి వచ్చాడు.

బుధవారం సాయంత్రం అక్కను ఫోటోలకని తీసుకెళ్తే చాప మూల గదిలో లేదు. కాపలావాడు లిఫ్టులోనే కాపురం పెట్టాడు. లిఫ్టు గోడకున్న అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు.

"ఇదేమన్నా ఇల్లా?"

"మీరే కద సార్ గట్టిగా కూర్చోబెట్టింది. గోడలున్నాయి, తలుపుంది."

మెకానిక్కు కాసేపు అరిచాడు. తరవాత గట్టిగా కూర్చుందో లేదోనని లిఫ్టు నేలను మడమతో తన్ని చూశాడు. జాలీ తలుపు గడియ బయటివైపుంది, ఎవడైనా వేస్తే లోపలివాడు ఇరుక్కుపోతాడని తలుపు ఊడదీయబోయాడు.

"తలుపు లేకపోతే కుక్కలొస్తాయి సార్."

అతను పళ్లు నూరుకుంటూ గడియను లోపలివైపుకు మార్చి, తలుపు మళ్లీ బిగించాడు. ముప్పావు గంట పట్టింది. ఈలోగా ఎండ పోయిందని అక్క సాధించడం మొదలుపెట్టింది. ఎల్లుండి మళ్లీ రావాల్సిందేనంది.