హానా దొరసానికి నిలబడ్డ దేవదానం సార్

దేవదానం సార్ ఇక లేరన్న వార్త నారాయణఖేడ్ బస్టాండులో, మిర్చిబజ్జీ సగం నోట్లో ఉండగా నాకు చేరింది. చెప్పినవాడు కల్హేర్ ఆటో నడిపే మనిషి. "మీ సార్ పోయిండే. పొద్దుగాల కుర్చీల్నే పోయిండట" అని, అదే గుక్కలో "కల్హేర్, కల్హేర్, ఇంకొక్కరు!" అని అరిచాడు. ఆ క్షణాన బస్సులన్నీ ఏకకాలంలో స్తంభించాయని, ఆకాశం అరగజం కిందికి దిగిందని రాయాలని నాకుంది. ఏదీ ఆగలేదు. ఆటో ఇంకొకరిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. నోట్లోని బజ్జీ మింగడానికి నాకు మటుకు ఒక యుగం పట్టింది.

సార్ మాకు సోషల్ చెప్పారు. కంగ్టి నుంచి నాగల్‌గిద్ద దాకా ఆయన మెలిపెట్టని చెవి లేదు. ఆయన ఎత్తు ఆరున్నర అడుగులని మేం బడిలో ప్రమాణం చేసి చెప్పుకునేవాళ్లం. మొన్న శవపెట్టె చేయించడానికి కొలిస్తే అంత లేరు. మిగిలినదంతా కంఠస్వరమన్న మాట. ఆ స్వరం నిత్యం ఒకే ప్రశ్న సంధించేది: "ఆధారమేది?" గోల్కొండ కోట చాలా పెద్దదని రాసినందుకు నాకు సున్న చుట్టి, "నువ్వు కొలిచినవా బిడ్డా?" అని అడిగిన మహానుభావుడాయన. ఆ సున్న ఎంత గుండ్రంగా ఉండేదంటే, దాంట్లో కోట మొత్తం పట్టేది.

భార్య పెళ్లయిన రెండో ఏటే కాలధర్మం చెందింది. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తినవాళ్లకు ఆయన చాయ పోసి, తాగాక సాగనంపేవారు. మిషన్ కాంపౌండు చివర రెండు గదుల ఇల్లు, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఆయన. రెండో దాంట్లో, కింది నుంచి వెన్ను దాకా పేర్చిన కాగితాలు. నేను ఎప్పుడు వెళ్లినా నిలబడే మాట్లాడాను. ఒకసారి తెగించి ఆ కాగితాలు పక్కన పెట్టబోయాను.

"ఆమె ముందొచ్చింది. నువ్వు నిలబడు" అన్నారు సార్.

ఆమె అంటే హానా. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి, మన సరిహద్దు రేగళ్లలో కాపురం పెట్టిన మొదటి దొరల కాలపు మనిషి. సార్‌కూ ఆమెకూ పరిచయం జనాభా లెక్కల డ్యూటీ మీద జరిగింది. నాగల్‌గిద్ద దిక్కు ఒక ఊళ్లో బసప్ప అనే రైతు ఉన్నాడు. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, ఎద్దులతో రెండూ మాట్లాడతాడు. ఇంట్లోవాళ్ల పేర్లన్నీ రాయించి, పరాచికంగా అన్నాడట:

"సార్, మా కంది చేన్ల ఇంకొక ఆడిమనిషి ఉంది. రాసుకుంటవా?"

"రాసుకుంట. పేరేంది?"

"నాకేమెర్క? రాయి మీద ఇంగ్లీషుల ఉంది. మా అవ్వ దొరసాని అంటుండె."

సార్ ఎండలో నడిచి వెళ్లి చూశారు. చేను గట్టున సగం భూమిలో కూరుకున్న సమాధి రాయి. 'హానా, ఇంగ్లండు నుండి వచ్చి ఇచ్చట కాపురముండినది' అని మాత్రం చదవవచ్చు. కింది ముక్క విరిగిపోయింది. మరొకడైతే తల గోక్కుని తిరిగి వచ్చేవాడు. సార్ మాత్రం అక్కడే గట్టు మీద కూర్చుని, లెక్కల ఫారం తీసి, పేరు రాశారు. 'కుటుంబ పెద్దకు ఏమవుతారు' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆ కలం ఆ గడి దగ్గరే బతుకంతా ఆగిందని నా అభిప్రాయం. ఫారం చూసిన పై అధికారి, "చచ్చినోళ్లను గూడ రాస్తే దేశం ఏం గావాలె సార్?" అని తల పట్టుకున్నాడు. సార్ ఆ కాగితం వెనక్కి తీసుకుని ఇంటికి తెచ్చి కుర్చీలో పెట్టారు. రెండో కుర్చీ నిండడం ఆనాడు మొదలైంది.

ఊరి ముసలివాళ్లు చెప్పింది కొంచెమే. దొర పత్తి బేరానికి వచ్చి ఇల్లు కట్టాడు. పిల్లలు కలగకముందే జ్వరంతో పోయాడు. దొరసాని మాత్రం తిరిగి పోలేదు. ఎందుకు పోలేదో, పోదామంటే ఎవరున్నారో తేల్చాలని సార్ కంకణం కట్టుకున్నారు. బీదర్ వెళ్లారు, హైదరాబాదు వెళ్లారు, చెదలు సగం చదివేసిన చర్చి రిజిస్టర్లలో మిగతా సగం చదివారు. వాటిలో దొరికిన ఆమె ఇంటిపేరు పట్టుకుని ఇంగ్లండుకు ఉత్తరాలు మొదలుపెట్టారు. ఆయన నాలుకతో తడిపిన స్టాంపుల జిగురుతో ఖేడ్ నుంచి కంగ్టి దాకా రోడ్డు గుంతలన్నీ పూడ్చవచ్చు. పోస్టుమాస్టరు ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు:

"మళ్ల ఇంగ్లండా సార్? ఆడ ఎవరున్నరు మీకు?"

"ఎవరున్నరో తెల్సుకుందామనే గదా రాస్తున్న."

కొన్నేళ్లకు ఒక జవాబు వచ్చింది. ఎక్కడో చిన్న ఊరి చర్చి గుమాస్తా, పుణ్యాత్ముడు, పాత రిజిస్టరు తిరగేసి హానా బాప్తిస్మపు నమోదు నకలు పంపాడు. తండ్రి కొవ్వొత్తులు పోసేవాడు. తోబుట్టువులు ఐదుగురు. ఆ రోజు సార్ నారాయణఖేడ్‌లోని జిలేబీలన్నీ కొనేశారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లను కూడా వదలలేదు. పాస్టర్ కంగారుగా ఎదురొచ్చి, "ఏమైంది సార్, ఏం శుభకార్యం?" అన్నాడు.

"హానాకు నాయిన దొరికిండు!" అని సార్ ఆయన నోట్లో జిలేబీ కుక్కారు.

ఆ తర్వాత ఐదుగురు తోబుట్టువుల వెంట కింది తరాల్లోకి దిగడం మొదలైంది. ఒకరు పెళ్లి చేసుకోలేదు, ఒకరు సముద్రంలో పోయారు, ఒకరి బిడ్డలు పసితనంలోనే పోయారు. ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క తలుపు మూసింది. చివరి ఉత్తరంలో ఆ గుమాస్తా, ఆ వంశంలో ఇప్పుడు ఎవరూ మిగలలేదని, ఇన్నేళ్లలో ఆమె గురించి అడిగినవారు మీరొక్కరేనని రాశాడు. సార్ దాన్ని నా చేతికిచ్చి గోడకేసి చూస్తూ అన్న మాట నేను పెంచకుండా తుంచకుండా రాస్తున్నాను:

"పైకి ఎతికితే అందరు దొరుకుతున్నరు రా. కిందికొస్తే ఒక్కరు లేరు. ఆమె మాది అనేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా."

అంతే ఆయన కోరిక. ఆస్తులు కాదు, సన్మానాలు కాదు. ఆమెను మాదని చెప్పే మనిషి ఒకరు.

మా సరిహద్దు ఊళ్లకు కంది కోతలయ్యాక కర్ణాటక నుంచి ఎద్దు మీద హెళవాయన వస్తాడు. ఇండ్ల వంశావళులు ఆయన పుస్తకంలో ఉంటాయి. ఇంటి ముందు నిలిచి ఏడు తరాల పేర్లు రాగం తీసి చదివి, చివరి పేరు దగ్గర ఆగి "ఉన్నరా?" అంటాడు. ఆ ఇంటి రక్తం ఒకరు చేటలో గింజలు పట్టుకుని లేచి "ఉన్నం" అనాలి. అనేవాళ్లు లేకపోతే అడ్డగీత గీసి ఆ పేజీ మూస్తాడు. సార్ వాళ్ల తాత బాప్తిస్మం పుచ్చుకున్న నాటి నుంచి ఆ ఎద్దు వాళ్లింటి ముందు ఆగడం మానేసింది. అయినా ఆ ఏడు సార్ నా బండి వెనక కూర్చుని బసప్ప కల్లానికి బయలుదేరారు.

"ఒక ఆడమనిషి పేరు రాయాలె" అన్నారు హెళవాయనతో.

"ఎక్కడి ఇల్లప్పా?"

"ఇంగ్లండు."

"అది యే తాలూకా?"

"జర దూరం."

హెళవాయన గడ్డం గోక్కున్నాడు. "నిలబడేటోళ్లు లేకుంటే రాయరాదప్పా. మా నాయిన అట్ల నేర్పలే."

"మా చేన్లనే ఉంది గదా, నేను నిలబడ్త తియ్" అని బసప్ప లేచాడు.

"భూమి నీది. రక్తం గాదు. కూసో."

అప్పుడు సార్ బసప్ప భార్య చేతిలోంచి కందుల చేట అందుకుని లేచి నిలబడ్డారు.

"నేనున్న."

"నువ్వేమైతవ్?"

"మనవణ్ణి."

నా కనుగుడ్లు కల్లంలో రాలి కందుల్లో కలిసిపోయాయి. ఏరుకోవడానికి చాలాసేపు పట్టింది. తారీఖు ఒక్క రోజు తప్పితే సున్న చుట్టిన చెయ్యి అది. బసప్ప పడి పడి నవ్వి, "సార్, జర ఒంటి రంగైనా సరిజూస్కో!" అన్నాడు. హెళవాయన నవ్వలేదు. సార్ ముఖంలోకి చూసి, పుస్తకం తెరిచి, కొవ్వొత్తులు పోసే తండ్రి, ఆయన బిడ్డ హానా, ఆమె మనవడు దేవదానం అని రాసుకున్నాడు. తర్వాత అదే రాగంలో చదివి "ఉన్నరా?" అన్నాడు.

"ఉన్నం" అన్నారు సార్. క్లాసులో వినిపించే గొంతు కాదది. బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడు హాజరు పలికినట్టుంది.

తిరుగు దారిలో నాకు నాలుక ఆగలేదు. "సార్, ఆధారమేది?"

"నోరు మూసుకొని బండి నడుపు." రెండు మైళ్లు పోయాక వెనక నుంచి మళ్లీ వినిపించింది. "బతుకు మొత్తంల ఒక్కటే తప్పు రాసిన. దిద్దకు."

దిద్దలేదు. ఆ పైన ప్రతి ఏడూ కోతలయ్యాక సార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా బండెక్కేవారు, నిలబడేవారు, ఉన్నం అనేవారు. మోకాళ్లు పట్టేసిన ఏడు బసప్ప చెయ్యి పట్టుకుని లేపాడు.

ఈ ఏడు కోతలు కాగానే ఆయన పోయారు. మిషన్ శ్మశానంలో మట్టి ఆరకముందే బసప్ప ఫోన్ చేశాడు. "ఎద్దొచ్చింది. దొరసాని పేరు సదువుతడు. వస్తవా?" వెళ్లాను. బండి వెనక సీటు తేలిగ్గా ఎగురుతుంటే ఆ దారి ఎంత పొడుగైందో చెప్పే నేర్పు నాకు లేదు.

హెళవాయన చదివాడు. తండ్రి పేరు, హానా పేరు, దేవదానం పేరు. "ఉన్నరా?"

బసప్ప నావైపు చూశాడు. ఆయన భార్య చేటతో నావైపే చూసింది. జన్మంతా కథల్లో అబద్ధాన్ని ఊది ఊది అన్నం తిన్నవాణ్ణి. నా రాతల్లో ఎలుకలు ఏనుగులను మోశాయి. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. మూసేశాను. ఆ మాట అనడానికి ఒక మనిషి తన ఇంట్లో సగం చోటు ఇచ్చి, ఒక బతుకు ఖర్చు చేశాడు. నేను ఊరికే వచ్చి అంటే అది వట్టి కూత అయ్యేది.

హెళవాయన రెండోసారి అడిగాడు. అట్లా అడగడం వాళ్ల రివాజు కాదు. తర్వాత మెల్లగా, "పోయిండా?" అన్నాడు.

"పోయిండు" అన్నాను.

ఆయన గీత గీశాడు. కలం పాళీ కాగితం మీద గీరిన చప్పుడు విన్నాను. బసప్ప భార్య ముందుకొచ్చి చేట చాచింది. హెళవాయన చేతులు జోడించాడు. "గీత గీసిన ఇంటి గింజలు మేం తీస్కోం తల్లీ."

గురువర్యా, మీ స్థానం ఖాళీగా ఉంది. శిష్యకోటి అంతా కలిసినా అక్కడ లేచి నిలబడే అర్హుడు ఒక్కడు తేలలేదు. మీ పాదాలకు నా నమస్కారం.

ఎద్దు మెడలోని గంట చేలు దాటి వినబడకుండా పోయింది. బసప్ప భార్య చేట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ కందులు ఎక్కడ పోయాలో మాలో ఎవరికీ తెలియలేదు.