ఏట్లో కలపని ముఖం

అన్న సంవత్సరీకానికి పత్రికలో వేయడానికి ఫొటో ఒకటి ఎంచమని వదిన పాత ఫొటోల అట్టపెట్టె నా ముందు పెట్టింది. బతికినన్నాళ్లూ ఇతరుల బొమ్మలే గీసిన మనిషికి తనదంటూ ఒక మంచి ఫొటో అయినా లేదని అప్పుడు తెలిసింది.

మాది జనగామ దగ్గర పటాలు గీసే ఇల్లు. పొడవైన గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రరంగు మీద కులాల పుట్టుక కథలు గీసి ఇస్తే, కథకులు దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ ఊరూరా పాడేవారు. పటంలో పెద్దవాడు పెద్దగా, చిన్నవాడు చిన్నగా ఉంటాడు గాని ముఖాలు మాత్రం అందరివీ ఒకటే. చిరిగిన పటాన్ని పారేయరు, మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలుపుతారు.

నేను ఆ పని నేర్వక చదువుకొని, మహబూబాబాద్‌లో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. సెలవులకు వచ్చినప్పుడు, ఐరోపాలో మధ్యయుగం ముగిసే వేళ చిత్రకారులు బంగారు పూత మీద దేవతలను గీయడం తగ్గించి, ఫలానా మనిషి అని గుర్తుపట్టే ముఖాలు గీయసాగారని, కింద తమ పేరూ రాసుకున్నారని అన్నకు చెప్పేవాణ్ణి. ఆయన కుంచె ఆపకుండానే విని, "వాళ్ల అవ్వలు చూసి గుర్తువట్టిండ్రా తమ్మీ?" అని అడిగాడొకసారి. తల్లులు గుర్తుపట్టిన సంగతి నేనెక్కడా చదవలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో దీక్షా శిబిరాల్లో కథ చెప్పే బృందం ఒకటి కొత్త పటం గీయమంది. అందులో ఉద్యమంలో ప్రాణం పోగొట్టుకున్న ఘనపూర్ వైపు కుర్రవాడు ఒకడు ఉండాలి. పటం సగమయ్యాక అతని తల్లి చూడవచ్చింది.

"గీడు నా కొడుకెట్లయితడే అన్నా? పక్కపొంటి పోరడు గూడ గిట్లనే ఉన్నడు."

"పటంల అందరిదొక్కటే మొఖం చెల్లె."

"అయితే గీళ్లందరి అవ్వలు గూడ ఒక్కతేనా?"

అన్న కుంచె కింద పెట్టాడు. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చిన ఫొటోను గోడకు ఆనించి, ఆ ముఖాన్ని చెరిపి మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. ఎడమ కనుబొమ మీది గాటు, కొంచెం వంకరగా వచ్చే నవ్వు కుదిరేదాకా వదల్లేదు. కథకుల్లో పెద్దాయన తలుపు దగ్గర బీడీ కాలుస్తూ, "గీ ఒక్క పోరనికే గింత సేపైతే మా దేవుండ్లు అలుగుతరు" అని ఎగతాళి చేశాడు. తల్లి మళ్లీ వచ్చి చూసి, పటం ముందు కూర్చొని ఆ గాటును వేలితో తడిమింది.

రాష్ట్రం వచ్చింది. వానకు తడిసి చాలాచోట్ల రంగులు వదిలిన ఆ పటాన్ని ఏట్లో కలపడానికి కథకులు సిద్ధమయ్యారని విని ఆ తల్లి పరుగున వచ్చింది.

"కథనంత కలుపుండ్రి. నా కొడుకును మాత్రం కలపకుండ్రి. ఒక్కసారి మట్టిల వెట్టిన, మల్ల నీళ్లల్ల ఎట్ల ఇడుస్త?"

పటాన్ని కోయడం మా వంశంలో లేదు. కోస్తే కథ తెగుతుందని పెద్దాయన కోపగించాడు. అన్న మాత్రం కత్తెర తీసి ఆ ముఖం ఉన్న మేరకు కోసి ఆమె చేతిలో పెట్టాడు. మిగిలిన పటాన్ని కర్మ చేసి ఏట్లో కలిపారు. ఉద్యమం అయిపోయింది కనుక అలాంటి పటం మళ్లీ గీయమని ఎవరూ అడగలేదు.

అన్న చేసింది తప్పని నేనెన్నడూ అనుకోలేదు. ఆ తల్లికి కొడుకు ముఖం దక్కింది. అయితే ఇప్పుడు అతని కథ పాడేవాళ్లు ఏ ఊళ్లోనూ లేరు. ఆమె ఉన్నన్నాళ్లు తన ఇంటి గోడ మీద ఉన్నది ఎవరో చెబుతుంది. ఆ తరువాత, ఎంత బాగా గీసినా, అది ఎవరో ఒక కుర్రవాడి బొమ్మ.