వెంకటశేషమ్మ ఇంటి చుట్టాలు

వెంకటశేషమ్మ పుట్టి బుద్ధెరిగి ఇవాళ వండింది ఇవాళ ఎవరికీ పెట్టి ఎరగదు. ఆమె చేతి చేపల పులుసు నోట పడాలంటే ఒక రాత్రి ఓపిక పట్టాల్సిందే. మర్నాడు పొద్దున్నే మూత పెట్టిన గిన్నెతో గుమ్మంలో నిలబడి, "నిన్నటిదమ్మే, మిగిలిపోయింది" అంటుంది. రోజూ నిన్నటిదే, రోజూ మిగిలిపోయిందే! ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే సునామీ కాలనీలో, రెండో వరసలో ఆ మాట వినని గడప లేదు.

మిగిలితే మిగిలింది, మనకేం పోయె! నెల్లూరు పులుసు మర్నాటికి గాని పులుసు కాదని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. పుల్లమామిడి ముక్కా, చింతపండూ, కారమూ రాత్రంతా మట్టికుండలో కొట్లాడుకుని తెల్లారేసరికి రాజీకొస్తాయి. పులిసిన దోసెపిండి మిగిలిందని పులిబొంగరాలు పోసి తెస్తుంది. అన్నం మిగిలిందని చద్దన్నంలో మజ్జిగ పోసి, ఊరమిరపకాయ వేయించి తెస్తుంది. వాటికి వంక పెట్టిన నాలుక ఉంటే అది నాలుకే కాదు.

చిక్కల్లా ఒక్కటే. వెంకటశేషమ్మ ఒంటి మనిషి. పిల్లల్లేరు. ఇంటాయన పోయి పదకొండేళ్ళయింది. ఒంటి మనిషి ఇంట్లో రోజూ నలుగురి తిండి ఎట్లా మిగులుతుంది? అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది.

"చుట్టాలొచ్చినారమ్మే!"

ఆ చుట్టాలు రావడం ఎవరూ చూడలేదు. పోవడం అంతకన్నా చూడలేదు. కాలనీకి ఉన్నది ఒకటే దారి. ఆ దారి మొదట్లో లాజరస్ టీకొట్టు. అతని కన్నుగప్పి కోడిపెట్ట కూడా లోపలికి రాలేదు. "చుట్టాలా? నేనైతే ఒక్కర్ని చూళ్ళేదు" అని అతనే పెదవి విరిచేవాడు.

ఈ సంగతులేవీ తెలియకుండా వెంకటశేషమ్మ పక్కింట్లో అద్దెకు దిగింది ప్రత్యూష. సంగం వైపు పిల్ల, వరిపొలాల్లో పెరిగింది. మొగుడు గిరిబాబు పోర్టులో క్రేను నడుపుతాడు. పొద్దున పోతే దీపాలవేళకు వస్తాడు. ప్రత్యూషకు ఐదో నెల. పొయ్యి ముట్టించి తాలింపు పెడితే చాలు, పెరట్లోకి పరుగు. ఏది తిన్నా నిలవదు. వాంతులు తగ్గే మాత్రలు ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఇచ్చింది. అవి కూడా నిలవలేదు. తూకం చూసి నర్సమ్మ మొహం చిట్లించింది. "బిడ్డ పెరగాలంటే నువ్వు తినాల గదమ్మా. వచ్చే నెలకీ ఇట్టాగే ఉంటే ఆస్పత్రిలో చేర్పించాల్సిందే" అంది.

ఆ మర్నాడే గిన్నెతో దిగింది వెంకటశేషమ్మ.

"నిన్నటి కానాగంత చేపల పులుసు, మిగిలిపోయింది. పారబోసేదానికి చేతులు రాలేదు. నువ్వు తింటావా, కుక్కకు పెట్టేదా?"

కుక్కతో పోటీ ఏమిటని ప్రత్యూష మూత తీసింది. వాసన తగిలింది. పరుగెత్తడానికి లేచిన కాళ్ళు అట్లాగే ఆగిపోయాయి. చద్దన్నంలో కలుపుకుని గిన్నె నాకినంత పని చేసింది. నిలిచింది! నెలన్నర తర్వాత ఒక ముద్ద కడుపులో నిలిచిందని ఆ పిల్ల గోడకానుకుని ఏడ్చింది కూడా.

సాయంత్రం ఎదురింటి ధనలక్ష్మి వాకిలి ఊడుస్తూ ఆరా తీసింది. "పులుసు తెచ్చిందా? ఎవరొచ్చినారంట నిన్న?"

"ఎవరో కామాక్షయ్య మామంట అక్కా."

ధనలక్ష్మి చేతిలో చీపురు జారిపోయింది. "కామాక్షయ్యా! ఆయన పోయి ఆరేళ్ళయింది గదమ్మే! పెద్దకర్మ భోజనం నేను కూడా తినుండా!"

మర్నాడు పులిబొంగరాలొచ్చాయి. పెంచలమ్మత్త వచ్చిందట. పెంచలమ్మత్త పోయి తొమ్మిదేళ్ళు. ఆ మర్నాడు ఓబయ్య తాత వచ్చాడట. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో ధనలక్ష్మికి కూడా లెక్క తెలియదు. ఆమె కాపరానికి వచ్చేనాటికే గోడమీద దండ వేసిన ఫోటో ఆయన.

"నువ్వు తినేది వాళ్ళ ఎంగిలి. కడుపుతో ఉండావు. బిడ్డకు వాళ్ళ చూపు తగిలితే ఇంకేమన్నా ఉందా?" అంది ధనలక్ష్మి.

"మరి నువ్వు కూడా తింటుండావు గదక్కా?"

"నేను గుప్పెడు ఉప్పు మూడు చుట్లు తిప్పి అవతల పారేసి తింటా. పైగా నేనేం కడుపుతో లేను" అంది ధనలక్ష్మి, తన పద్ధతిలో ఏ లోపమూ లేనట్టు.

అప్పటినుంచి ప్రత్యూషకు గోడ వినబడడం మొదలైంది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, అదీ పల్చన. మిట్టమధ్యాహ్నం, సరుగుడు తోపులో గాలి నిలిచిపోయి, సముద్రం కూడా మాట మరిచినట్టుండే వేళ, అవతల పళ్ళేలు పెట్టిన చప్పుడయ్యేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "కూర్చోండి, మొగమాటం దేనికి" అని వెంకటశేషమ్మ గొంతు. తర్వాత ఎవరో ముసలామె నవ్వు. ఆ తర్వాత ఒక మగమనిషి పొడిదగ్గు. ప్రత్యూష రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, గోడకు దూరంగా జరిగి కూర్చునేది. పొరపాటున వాకిట్లోకి పోయి చూస్తే వెంకటశేషమ్మ గడప ముందు ఒక్క చెప్పుల జత ఉండేది కాదు.

గిరిబాబుకు చెబితే నవ్వాడు. "దెయ్యాలైతే ఏం, వంట బాగుంది గదా" అన్నాడు. మగవాళ్ళకు చెప్పుకునేకంటే ఆ గోడకు చెప్పుకోవడం నయం.

ప్రత్యూష తినడం మానేసింది. గిన్నె తీసుకునేది, మూత తీయకుండా పెరట్లో పెట్టేది. అందులోంచి వచ్చే వాసనకు నోరూరేది, కళ్ళలో నీళ్ళూరేవి. నాలుగు రోజులకు కళ్ళు తిరిగి మంచం పట్టుకుంది. నర్సమ్మ వచ్చి మళ్ళీ తూచింది. కిలోన్నర తగ్గింది. "రేపు సోమవారం ఆస్పత్రికి పోదాం, గుడ్డలు సర్దుకో" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ పళ్ళేల చప్పుడైంది. ప్రత్యూషకు ఎక్కడలేని కోపం వచ్చింది. చచ్చినవాళ్ళు కడుపునిండా తింటున్నారు, బతికున్న తన బిడ్డ పస్తుంటోంది! ఇదెక్కడి న్యాయం? లేచి గోడ పట్టుకుని నడుస్తూ వెనక పెరట్లోంచి వెంకటశేషమ్మ వంటింటి తలుపు దాకా పోయింది. కాకి కూడా అరవడం లేదు. తలుపు సందులోంచి తొంగిచూసింది.

నాలుగు పీటలు. నాలుగు పళ్ళేలు. వాటిలో పొగలు కక్కే అన్నం. పీటలమీద ఎవరూ లేరు.

"పెంచలమ్మత్తా, తల ముక్క ఏసుకో. నీకు తలంటే ప్రాణం గదా" అంది వెంకటశేషమ్మ గరిటె పట్టుకుని. వెంటనే పీలగొంతుతో, "వొద్దులే కోడలా, పళ్ళు యాడుండాయి నాకు!" అంది. అదీ ఆమె నోటినుంచే. ప్రత్యూష వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అక్కడ నిజంగా దెయ్యాలున్నా అంత భయం వేసేది కాదేమో. మిట్టమధ్యాహ్నం, ఖాళీ పీటల మధ్య, ఒకే మనిషి రెండు గొంతులతో మాట్లాడుతోంది.

ఇంతలో వెంకటశేషమ్మ లేచింది. ప్రత్యూష ఇంటివైపు గోడ దగ్గరకు పోయి, నోరు గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి అరిచింది. "అయ్యయ్యో! పిట్టల్లాగా కెలికి పోయినారే! ఇంత మిగిలిపోయిందే! రేపు ఎవరికి పెట్టేదబ్బా!"

అరిచి, గోడకు చెవి ఆనించింది. కాసేపు విన్నది. అవతల చప్పుడు లేదు.

"వినిందో లేదో" అని తనలో తాను గొణుక్కుంది. "నాలుగు దినాలైంది పిల్ల ముద్ద ముట్టి." మళ్ళీ గొంతు పెంచింది. "ఓబయ్య తాతా! నువ్వన్నా ఇంకొంచెం తినుంటే ఇంత మిగిలేది కాదు గదా!"

ప్రత్యూష కాలు తగిలి పెరట్లో బిందె దొర్లింది. వెంకటశేషమ్మ గరిటెతో సహా తిరిగి చూసింది.

"ఎవరితో మాట్లాడుతుండావు పెద్దమ్మా?"

"చుట్టాలు... ఇప్పుడే పోయినారు."

"ఏ దారిన పోయినారు? నేను ఈ తలుపు దగ్గరే ఉండా."

వెంకటశేషమ్మ అటు చూసింది, ఇటు చూసింది. దొంగతనంగా జామకాయ కోసి దొరికిన పిల్లలాగా గరిటె వెనక్కి దాచుకుంది. చివరికి నేలమీద కూలబడింది.

"ఏం చేసేది మరి? నువ్వొచ్చిన రెండోదినం ధనలక్ష్మి గోంగూర తెస్తే నువ్వేమన్నావు? వొద్దక్కా, గిన్నెలో ఏదన్నా పెట్టి తిప్పియ్యాల, నేను పొయ్యి దగ్గర నిలబడలేను అన్నావా లేదా?"

అన్నది. ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపితే తప్పు అని తల్లి నేర్పిన మాట.

"అందరి బాధా అదేనమ్మే. వేట నిషేధం పెట్టి నెలయింది, ధనలక్ష్మి మొగుడు పెంచల్ బోటు ఒడ్డునే ఉండాది. ఆమె మాత్రం ఏం పెట్టి తిప్పిస్తాది? వండి పెడితే గిన్నె తిప్పియ్యాల. మిగిలింది పెడితే తిప్పియ్యాల్సిన పన్లా. పారబోసేది తీసుకుని నాకే మేలు చేసినట్టు. అందుకని మిగిలిస్తా. తెప్పలకు నిషేధం లేదు గదా, అవి ఒడ్డుకు లాగేదానికి నేను చెయ్యేస్తే కూరకు చేపలిస్తారు, దానికేం కొదవ. ఒంటిదాన్ని, ఊరికే మిగిలిందంటే ఎవరు నమ్ముతారు? చుట్టాలు గావాల గదా!"

"బతికుండేవాళ్ళ పేర్లు చెప్పొచ్చు గదా పెద్దమ్మా! భయంతో చచ్చినా నేను!"

"బతికుండేవాళ్ళైతే రేపు ఎదురుపడి, నేనెప్పుడొచ్చినా అని నిలదీస్తారు. పోయినోళ్ళు అడగరు" అంది వెంకటశేషమ్మ.

ఇంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ పని చేయగలదని ప్రత్యూషకు తోచలేదు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఆకలేసింది. ఎట్లాంటి ఆకలి! నిలబడలేకపోయింది.

"నాకు రేపటిదాకా ఓపిక లేదు. ఇప్పుడే పెట్టు."

"వేడిది తింటావా?" వెంకటశేషమ్మ కంగారుపడింది. ఆ ఇంట్లో బతికున్న మనిషి పీటమీద కూర్చుని పదకొండేళ్ళయింది. నాలుగో పీట దగ్గరికి పోయి, ఎవరూ లేని చోటువైపు తిరిగి, గొంతు తగ్గించి, "కొంచెం జరుగయ్యా, పిల్ల కూర్చుంటాది" అంది. ప్రత్యూష ఒక్క క్షణం ఆగి, కూర్చుంది. తింది. నిలిచింది.

రెండోసారి వడ్డిస్తుంటే ప్రత్యూష అంది. "గొంతులు భలే చేస్తావు పెద్దమ్మా. ఆ మగదగ్గు మాత్రం అచ్చం మనిషి దగ్గినట్టే!"

"నేనెప్పుడు దగ్గినానే?"

ప్రత్యూష ముద్దతో, వెంకటశేషమ్మ గరిటెతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట సరుగుడు తోపులో ఒక్క ఆకు కదల్లేదు.

"సముద్రంగాలిలే, తిను" అని వెంకటశేషమ్మ ఒక చేప ముక్క ఎక్కువ వేసింది. వేస్తూ నాలుగో పీటవైపు ఒకసారి చూసి, పైట సర్దుకుంది.

అప్పుడే తలుపు దగ్గర కెవ్వుమంది ధనలక్ష్మి. పక్కింటి పిల్ల దెయ్యాల ఇంట్లోకి పోవడం చూసి, కాపాడదామని గుప్పిట్లో ఉప్పుతో వచ్చింది పాపం. వచ్చి చూస్తే నాలుగు పళ్ళేలు, మధ్యలో ప్రత్యూష, మూతినిండా పులుసు.

"రా అక్కా. ఓబయ్య తాత పక్కన చోటుండాది."

ధనలక్ష్మి కాళ్ళు వెనక్కి పోతానన్నాయి. ముక్కు ముందుకు పోతానంది. "ఆయన... ఏమీ అనుకోడు గదా?" అంటూనే పీట అంచున కూర్చుంది.

"ఏమీ అనుకోడు. ఆ ఉప్పు ఇట్టా తే, పులుసులో కాస్త తగ్గింది" అంది వెంకటశేషమ్మ.

ముగ్గురూ తిన్నారు. ధనలక్ష్మి పిల్లలిద్దరినీ కేకేశారు, వాళ్ళూ తిన్నారు. చివరకు వెంకటశేషమ్మ కుండ వంచి చూసింది. గరిటెతో గీకి చూసింది. చెయ్యి పెట్టి చూసింది.

"అయ్యో అయ్యో! రేపటికి చుక్క కూడా మిగల్లేదే!" అని గట్టిగా అరిచింది, మొహం చేటంత చేసుకుని.